చెయ్యి తిరిగిన డ్రైవర్లు

“హైదరాబాద్‌లో బండి నడిపినవాడు ప్రపంచంలో ఎక్కడైనా నడపగలడండీ!”

బెంటన్‌విల్‌లో శనివారం ఏ ఇంట్లో భోజనాలకి నలుగురు చేరినా ఈ మాట వినాల్సిందే. పప్పూ ఆవకాయా ఎంత తప్పనిసరో ఇదీ అంతే. నాకు కోపం ఈ మాట మీదే.

2022 ఒక్క ఏడాదిలో భారతదేశపు రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో నూటికి డెబ్బై పైగా అతివేగం వల్లనేనని ప్రభుత్వమే లెక్క చెప్పింది. మనం చదువుకున్న బడి అది. ప్రాణాలతో బయటపడ్డాం కాబట్టి ఫస్టు క్లాసులో పాసయ్యామనుకుంటున్నాం. తప్పినవాళ్ళు భోజనాలకి వచ్చి తమ సంగతి చెప్పలేరు కదా!

ఒక్క మనవాళ్ళనే అంటే అన్యాయం. 1981లో ఓలా స్వెన్‌సన్ అనే స్వీడన్ పరిశోధకుడు అడిగితే, అమెరికన్ విద్యార్థుల్లో నూటికి 93 మంది నేర్పులో తాము పై సగంలో ఉన్నామన్నారు. సగంలో 93 మంది ఎలా పడతారో ఆ దేవుడికే తెలియాలి.

స్టాప్ సైన్ దగ్గర చక్రం పూర్తిగా ఆపకుండా జారిపోయేవాళ్ళని అడిగితే, “ఎవరూ లేరని చూసుకునే కదా వెళ్ళింది” అంటారు. ఈ ఊళ్ళో సైకిళ్ళకి కొదవ లేదు. ఆ మలుపులో సైకిలు మీద వచ్చే పిల్లాడికి మీ హైదరాబాద్ అనుభవం గురించి తెలీదు. ఆ గుర్తు దగ్గర కార్లు ఆగుతాయని మాత్రం వాళ్ళమ్మ చెప్పింది.

2024 ఆగస్టు 30న, యాప్‌లో కలిసి ఒకే కారులో మన బెంటన్‌విల్‌కి బయలుదేరిన నలుగురు భారతీయులు, టెక్సాస్‌లో ఆనా దగ్గర 75వ నంబరు హైవే మీద చనిపోయారు. వాళ్ళలో తెలుగు పిల్లలున్నారు. వెనకనుంచి ట్రక్కు గుద్దింది, కారు అంటుకుంది. ముందు కారులో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి ఎంత నేర్పుంటే మాత్రం ఏం లాభం? ఆ వార్త విన్నాక కొన్నాళ్ళు అందరం అద్దంలో వెనక్కి చూసుకుంటూ నడిపాం. మన ముందు వెళ్ళేవాడి అద్దంలో కనబడేది మనమేనన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇప్పటికీ ముందు కారుకి తోకలా అంటుకునే పోతున్నాం.

మొన్న ఒకాయన ఆ పాత మాటే అన్నారు. “మరి మీ పిల్లల స్కూలు ముందు మీ పక్కింటాయన కూడా మీలాగే నడిపితే పరవాలేదా?” అన్నాను.

“అమ్మో, ఆయన డ్రైవింగ్ సంగతి నాకు తెలీదండీ!” అన్నారు.