మద్దెల నిజంగానే ఓడైతే?

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట!" సాకులు చెప్పేవాళ్లను దెప్పడానికి ఈ సామెతను మించింది లేదు. మైదానంలో నాలుగు చుట్లు పరుగెత్తి, "తొడ పట్టేసింది మాస్టారూ!" అని కూలబడే కుర్రవాడి మీద కూడా దీన్నే ప్రయోగిస్తాం. పావుగంట కూర్చుంటే నొప్పి మాయం. డాక్టరుగారు చూసే వేళకు కాలు నిక్షేపంగా ఉంటుంది. ఎక్స్‌రేలో ఏ లోపమూ కనిపించదు. ఇంకేం! బద్ధకమని తీర్పు చెప్పేస్తాం.

కాని ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడు.

తొడ కండలు ముందు, వెనుక, లోపలి పక్క అని మూడు గదులుగా ఉంటాయి. ఒక్కొక్క గదినీ అంతగా సాగని గట్టిపొర చుట్టి ఉంటుంది. పరుగులో నెత్తురు ఎక్కువగా చేరి, కండ నూటికి 20 వంతుల దాకా ఉబ్బవచ్చు. బిగువైన గలీబులో దూది కూరినట్లు లోపల ఒత్తిడి పెరిగి నొప్పి పుడుతుంది. ఆగితే కండ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. దీనికి వైద్యులు పెట్టిన పేరు చాంతాడంత: 'క్రానిక్ ఎక్సర్షనల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్'. మనకు కంపార్ట్‌మెంటంటే రైలుపెట్టె. వారికి కండ ఉండే గది. ఈ జబ్బు మోకాలి కిందనే ఎక్కువ, తొడలో అరుదు. అందుకే చాలామందికి తట్టదు.

దీని గుర్తొకటి ఉంది. గడియారం చూసుకొని వచ్చినట్లు, ప్రతిసారీ ఇంచుమించు అంతే దూరానికి నొప్పి వస్తుంది. తేల్చుకోవడానికి పరుగెత్తించి, కండలో సూది గుచ్చి ఒత్తిడి కొలుస్తారు. మోకాలి కింది భాగానికి 1990లో ఏర్పరచిన లెక్క ప్రకారం, పరుగు ఆపిన నిమిషానికి పాదరసపు కొలతలో 30 మిల్లీమీటర్లు గాని, అయిదు నిమిషాలకు 20 గాని ఉంటే జబ్బు ఉన్నట్లే.

పరుగు తగ్గించుకోవడం మొదటి మందు. ఆట మానలేనివారికి ఆ పొరను కోసి గదిని వదులు చేస్తారు. మోకాలి కింద ఇటువంటి బాధ పడుతున్న ఒక ఫుట్‌బాల్ ఆటగాడికి శస్త్రచికిత్స చేసిన సంగతిని మేవర్ అనే వైద్యుడు 1956లోనే ప్రకటించాడు.

ఒక్క హెచ్చరిక. విశ్రాంతి ఇచ్చినా నొప్పి పెరుగుతూ, తొడ రాయిలా బిగిసి, కాలు తిమ్మిరెక్కితే, అందులోనూ దెబ్బ తగిలాక అయితే, అది వేరే సంగతి. బిగించి కట్లు కట్టవద్దు, మాలిషు చేయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గంటలు గడిస్తే కండ చచ్చిపోవచ్చు.

తలిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లవాడు నొప్పి అన్నప్పుడు ఎంతసేపటికి వచ్చింది, ఎంతసేపటికి పోయిందో నాలుగు రోజులు కాగితం మీద రాయించి, డాక్టరుగారికి చూపించండి. సామెత ఎక్కడికీ పోదు. ముందు మద్దెల మీద ఒక దెబ్బ వేసి చూద్దాం.