రికార్డులో ఎర్రర్ ఎందుకు ఉండదు?

మన ల్యాబ్ రికార్డులు ఒకసారి తెరిచి చూడండి. ప్రతి ప్రోగ్రామూ ఫస్ట్ టైమే రన్ అయినట్టు ఉంటుంది. ఎయిమ్, కోడ్, అవుట్‌పుట్, సార్ సంతకం. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అనే మాట ఏ రికార్డులోనూ కనిపించదు. ల్యాబ్‌లో సగం టైం పోయేది దానితోనే కదా! ఆ సగం టైంలో నేర్చుకున్నదంతా దాచేసి, మిగతాది నీట్‌గా రాసి సబ్మిట్ చేస్తున్నాం.

సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. పడుగులో ఒక పోగు తెగితే సాంచా ఆపి, ముడి వేసి, మళ్లీ నడపాలి. చూడకుండా వదిలేస్తే ఆ గీత బట్ట పొడవునా పోతూనే ఉంటుంది. కొత్తవాడికి అన్ని పోగులూ ఒకేలా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి నడిపినాయన కన్ను మాత్రం సరిగ్గా అక్కడికే పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్ల అనుభవం అంటే కూడా ఇలాంటి కన్నే అని నా అభిప్రాయం.

అసలు మన తెలుగువాళ్ల సాఫ్ట్‌వేర్ కథలో పెద్ద మలుపే ఒక తప్పు. మెమరీ మిగులుతుందని పాతకాలం ప్రోగ్రామర్లు సంవత్సరానికి రెండు అంకెలే పెట్టారు. 2000 దగ్గర పడేసరికి వాటిని సరిచేయడానికి మనవాళ్లు ఎంతోమంది కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కారు. అలాంటి సీనియర్ ఎవరైనా క్యాంపస్‌కు వస్తే మనం ప్యాకేజ్ అడుగుతాం, వీసా అడుగుతాం. "మీరు ఏం పాడు చేశారు సార్?" అని ఎవరూ అడగరు.

అడగాలి. 2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? జగిత్యాల, కోరుట్లలో మన అన్నలు, అక్కలు రాసిన పరీక్షలే అవి. ఒక అమ్మాయికి తెలుగులో 99 వస్తే ఓఎంఆర్ షీటులో 00 అని బబుల్ చేశారు. సరిచూడాల్సినవాళ్లూ గమనించలేదు. ఆ ఫలితాల తర్వాత రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. త్రిసభ్య కమిటీ వేశారు, ఫెయిలైనవాళ్ల పేపర్లు మళ్లీ చూశారు, ఆ సున్నాకు కారణమైనవాళ్ల మీద చర్యలూ తీసుకున్నారు. సరే. కానీ ఫస్టియర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు సున్నా వస్తే, "ఒక్కసారి చూడండి" అని సిస్టమ్ ఎందుకు ఆగలేదు? ఆ చెక్ రాయడం మనకు సెకండియర్‌లోనే వచ్చు. రాయాలని తోచాలంటేనే, అలాంటి సున్నా ఎక్కడో ఒకసారి చూసినవాడు పక్కన ఉండాలి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశాడు. ఐదు రకాల బ్యాకప్‌లు ఉన్నాయనుకుంటే అవసరానికి ఏదీ సరిగా పనిచేయలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. కంపెనీ దాన్ని దాచలేదు, ఆ ఇంజనీర్‌ను తీసేయలేదు. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది, ఏం జరిగిందో మొత్తం రాసి అందరికీ చూపించింది. బ్యాకప్ తీయడమే కాదు, తిరిగి పెట్టి చూడాలని ఏ టెక్స్ట్‌బుక్ కంటే బాగా ఆ రిపోర్టే చెబుతుంది.

"ఎర్రర్లు రాస్తే ఎక్స్‌టర్నల్ మార్కులు కోస్తారు" అంటారా? నిజమే, కోస్తారు. అందుకే డిపార్ట్‌మెంట్‌నే అడుగుదాం: ప్రతి ప్రోగ్రామ్ తర్వాత అర పేజీ, వచ్చిన ఎర్రర్, అది ఎలా పోయింది. దానికీ రెండు మార్కులు. ఈలోగా అల్యూమ్నీ మీట్ వస్తోంది. సీనియర్లకు నేను పంపబోయే ప్రశ్నల్లో మొదటిది రెడీగా ఉంది, మిగతావి మీరు పంపండి.