తొట్టి అంచున గుడ్లు

బట్లహళ్ళి వైపు నీళ్ళు పారబోయడానికి ఎవరికీ చేతులు రావు. ఏడాది పొడవునా పారే నది లేని సీమ మనది. అందుకే ప్రతి వాకిట్లో ఒక తొట్టి, ఒక డ్రమ్ము. డెంగీ మోసే ఏడిస్ దోమకు కావలసిందీ ఆ నిలవ నీళ్ళే.

2023 ఆగస్టులో మన చిక్కబళ్ళాపుర జిల్లాలోనే, శిడ్లఘట్ట తాలూకా తలకాయలబెట్టలో సేకరించిన దోమల్లో, ఈ ఏడిస్ దోమే మోసే జికా వైరస్ బయటపడింది. మరుసటేడు సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా ప్రకటించింది.

పొగ కొట్టించమని కొందరంటారు. ఆ మందు మల్బరీ ఆకు మీద పడితే పట్టుపురుగులు చస్తాయి. రైతు భయం న్యాయమైనదే. పైగా పొగకు చచ్చేది ఎగిరే దోమే. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, తడి గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి తొట్టి ఖాళీ చేస్తే చాలదు, వారానికోసారి అంచులు పీచుతో గట్టిగా రుద్దాలి. తీసిన నీళ్ళు చెట్ల పాదుల్లో పోయండి, వృథా కావు. ఖాళీ చేయలేనంత పెద్ద తొట్టికి పాత చీర బిగించి కట్టండి.

ఈ దోమ పగలే కుడుతుంది. మధ్యాహ్నం ఉయ్యాల్లో నిద్రపోయే పసిబిడ్డకు దోమతెర అప్పుడే కావాలి. జ్వరమొస్తే రక్తపరీక్ష అయ్యేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మింగకండి. డెంగీ అయితే వాటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.