కాకినాడ రేవు సూచికలు - మన యిండ్లు

ఆశ్వయుజ కార్తికములు వచ్చినవనగా మన కోనసీమకు గాలివాన భయము వెన్నంటియే యుండును. కాకినాడ రేవున ఎన్నవ నెంబరు సూచిక నెత్తిరో వినుచునే యుందుము; దాని యర్థమును గూడ తెలిసికొందము.

సూచికలు మొత్తము 11. 1, 2 దూరమున సముద్రముమీద నున్న వాయుగుండమును, తుపానును దెలుపును. 3, 4 రేవువారిని జాగ్రత్తపడుమనును. 5, 6, 7 ప్రమాదము. 8, 9, 10 మహాప్రమాదము. 11 అనగా హెచ్చరిక పంపు కార్యాలయముతో వార్తాసంబంధము తెగెనని యర్థము.

‘పది కాదు, తొమ్మిదియే గదా’ యని యూరడిల్లరాదు. ఈ మూటను తీవ్రత యొక్కటియే, దారియే భేదము. పది యనగా తుపాను రేవుమీదుగనో, అతి సమీపముననో పోవును. ఎనిమిది యనగా రేవు దాని దారికి ఎడమప్రక్కను, తొమ్మిది యనగా కుడిప్రక్కను ఉండును. తూర్పునుండి వచ్చు తుపానునకు కాకినాడ కుడిప్రక్క నున్నదనగా, అది కాకినాడకు దక్షిణముగా, మన అమలాపురము, రాజోలు వైపుననే తీరము దాటవచ్చును! 1996 నవంబరు 6 రాత్రి తుపాను అట్లే కాకినాడకు దక్షిణముగా తీరము దాటి, కొబ్బరితోటలను నేలగూల్చి, వేయిమందికి పైగా ప్రాణములను హరించినది.

కావున ఎనిమిది యని వినినంతనే పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని గట్టి కట్టడమును జేరవలెను. నడుమ గాలి యకస్మాత్తుగా ఆగినను వెలుపలికి రారాదు. అది తుపాను కన్ను. కొంతసేపటికే ఎదురుదిక్కునుండి గాలి మరల విరుచుకొనిపడును.