కోట చరిత్రయితే గొడ్ల కొట్టం ఎందుకు కాదు?

రైతన్నలారా, ఇది కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

మొన్న టీ అంగడి కాడ ఒకాయన అన్నాడు: "ఆ గుట్టల మీద ఏముందన్నా, నాలుగు బండలు, ఇంత బూడిద. కంకరకిస్తే ఊరికి నాలుగు రూపాయలన్నా వస్తాయి." ఇది ఆయనొక్కడి మాట కాదు, మనలో చానామంది మనసులో ఉండేదే. అందుకే జవాబు ఇక్కడ రాస్తాండా.

సిరుగుప్ప నుంచి బళ్లారికి పోయే దారిలో తెక్కలకోట ఉంది. ఆ ఊరి గుట్టల మీద 1963-64లో ఎం.ఎస్. నాగరాజరావు తవ్వకాలు చేసినారు. బయటపడింది రాజు గద్దె కాదు. గుండ్ల మధ్య చదును చేసుకొని వేసుకున్న గుండ్రటి గుడిసెలు, కుండలు, రాతి గొడ్డళ్ళు, మాడిన ఉలవలు. మూడున్నర వేల ఏళ్ళ కిందటి రైతు ఇల్లది.

బళ్లారి పక్కన సంగనకల్లు గుట్టల్లో ఇంకా ఎక్కువ దొరికినాయి. అక్కడి మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన బొగ్గు గింజలను పరీక్ష చేస్తే ఉలవలు, పెసలు, అండు కొర్రలు అని తేలింది. ఈ రోజు టౌన్లో సిరిధాన్యాలని ప్యాకెట్లు కట్టి అమ్మే అండు కొర్రలే! పక్కనే హిరేగుడ్డ మీద నల్లరాతిని చెక్కి గొడ్డళ్ళు చేసిన జాగా. బండల మీద ఎద్దుల బొమ్మలు. కొడితే గంట మాదిరి మోగే రాళ్ళు. సుమారు 3,000 ఏళ్ళ కిందట జనం ఆ గుట్టలు విడిచి పోయినారు.

"అది కర్ణాటక కదా, మనకేంది" అనొద్దు. 1953 అక్టోబరు 1 దాకా మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోదే. గీత గీసి 70 ఏళ్ళు దాటింది, అంతే. ఆ ఉలవలకు ఆ గీత తెలీదు.

ఇంక బూడిద సంగతి. హంపి దగ్గర నింబాపురంలో బూడిద దిబ్బను వాలిని దహనం చేసిన చోటంటారు. నిజానికి ఇట్లాంటి దిబ్బలు గొడ్ల దొడ్లలో పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చగా ఏర్పడినవి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషాయన తవ్వితే, బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కనబడినాయి. తెలీక కథ అల్లుకున్న పెద్దలది తప్పు కాదు. తెలిసి కూడా దాన్ని ట్రాక్టర్లకెత్తే మనది తప్పు.

సంగనకల్లు పక్కన కుప్గల్ గుట్టను క్వారీ తినేస్తోందని 2004లోనే పరిశోధకులు హెచ్చరించినారు. పేలిన బండ మళ్ళీ అతకదు. దాని మీద ఎద్దు బొమ్మ మళ్ళీ రాదు.

క్వారీలో రాయి కొట్టే కూలోళ్ళ మీద నాకు కోపం లేదు. వానల్లేక, ఇళ్ళకు తాళాలేసి సుగ్గికి పోయే ఊర్లు మనవి. కూలి విలువ నాకు తెలుసు. కానీ కంకరకు వేరే గుట్ట దొరుకుతుంది. మన తాతల దొడ్డి ఇంకో చోట దొరకదు.

ఆదోని కోటను ఎవరు గెలిచినారో చెప్పుకుంటాం. ఆ కోటలోకి ధాన్యం పండించి పంపినోడి ఊసే ఎత్తం. రాజు కట్టింది చరిత్ర, రైతు కట్టింది పోరంబోకు అంటే ఎట్లా? ఉలవ సాగు మొదలైన చోట్లలో మన దక్కన్ ఒకటి. వ్యవసాయం మనకు ఎవరో వచ్చి నేర్పినారనే వాళ్ళకు ఆ మాడిన గింజే జవాబు. ఆ గింజ దొరికిన నేలనే పోగొట్టుకుంటే, రేపు ఏం చూపిస్తాం?

నేను అడిగేది రెండే. గుట్టను లీజుకిచ్చే ముందు పురావస్తు శాఖోళ్ళు ఒకసారి ఎక్కి చూడాలని గ్రామసభలో పట్టుబట్టండి. మడక సాలులో నున్నటి రాతి గొడ్డలి తేలితే గట్టు మీదికి విసిరేయకండి, దొరికిన చోటు గుర్తుపెట్టుకొని చెప్పండి.

మీ పొలంలో, మీ గుట్ట మీద ఇట్లాంటివి చూసింటే కింద రాయండి.