పాటకు రెండో పక్క

ఈమధ్య పాట అనుడు బందై అందరు 'సింగిల్' అంటున్నరు. సినిమా ఇంకా ఆరు నెలలకు వస్తదనంగనే ఫస్ట్ సింగిల్ ఇడుస్తరు. మేడారం జాతర దగ్గరపడ్డదంటే సమ్మక్క సారలమ్మల మీద కొత్త పాటలు వరుసగ ఫోన్లల్లకు దిగుతయి. జనగామ బస్టాండుల, మానుకోట రైల్వేస్టేషన్ కాడ, భూపాలపల్లిల బొగ్గుబాయి షిఫ్టు దిగే యాళ్లకు, యాడ నిలబడ్డా అదే పాట మోగుతది. మంచిగనే ఉంటది, నేను కాదంటలేను. కాకపోతే ఆ ఒక్క పాట పక్కపొంటి ఇంకో పాట ఎందుకు ఉంటలేదన్నదే నా రంది.

ఈ సింగిల్ ముచ్చట రికార్డుల కాలంది. 1949ల అమెరికాల 45 స్పీడు చిన్న రికార్డు వచ్చింది. రెండు దిక్కుల రెండు పాటలు. ఏ సైడు మీద అమ్ముడుపోయే పాట, దాన్ని తిరగేస్తే బీ సైడు పాట. రేడియోల వేసేది, దుకాణంల అడిగేది మొదటిదాన్నే. గందుకే రెండో పాట మీద ఎవ్వల పెత్తనం ఉండకపోయేది. పాటగాళ్లు మనసుకు తోచింది అండ్ల పెట్టుకునేటోళ్లు.

ఈ రెండో పక్కను మస్తుగ వాడుకున్నది ఇంగ్లండు సింథ్‌-పాప్‌ గుంపులు. సింథ్‌-పాప్‌ అంటే కీబోర్డుదే పెత్తనం, తాళమంతా డ్రమ్‌ మిషిన్‌ది, మీద ఒక గొంతు. 1983ల న్యూ ఆర్డర్‌ అనే గుంపు 'బ్లూ మండే' ఇడిచింది. ఏడున్నర నిమిషాల పాట. రికార్డు తిరగేస్తే 'ది బీచ్‌' అని ఇంకోటి ఉంటది. మొదటి పాటనే ఇప్పదీసి, వేరే తీరుగ మళ్ల కట్టిన్రు. పెట్‌ షాప్‌ బాయ్స్‌ అయితే ఉన్నదే ఇద్దరు. వాళ్ల బీ సైడు పాటలకు ఎంత గిరాకి ఉండెనంటే, 1995ల ముప్పై పాటలు జమజేసి 'ఆల్టర్నేటివ్‌' అని వేరే ఆల్బమే తీసిన్రు.

మనకు ఈ కీబోర్డు నిన్న మొన్న రాలే. 1986ల 'సింహాసనం'తోని బప్పీలహరి కీబోర్డు సప్పుడు వట్టుకొని తెలుగుల అడుగువెట్టిండు, 1991ల ఆయనదే 'గ్యాంగ్‌ లీడర్‌' ఊరూరా మోగింది. ఇయ్యాల ఆ సప్పుడు పెండ్లి బరాత్‌ల దాకా వచ్చింది. స్టాండు మీద ప్యాడ్‌ పెట్టుకొని రెండు పుల్లలతోని కొడితే డప్పు సప్పుడు వస్తది. అసలు డప్పు కాడ కథ వేరే. గడ్డి మంటేసి తోలు కాపుతరు. అది బిగుసుకున్నదాక వేలితోని మీటి సూసుకుంటరు. కుడిచేతుల సిర్ర, ఎడమచేతుల సిటికెన పుల్ల. మంచు వడితే డప్పు దిగుతది, మళ్ల మంట కాడికి పోవాలె. ఒక దెబ్బ తీరుగ ఇంకో దెబ్బ ఉండదు. ప్యాడ్‌ మీద ఎన్నిసార్లు కొట్టినా వచ్చేది ఒక్కటే దెబ్బ. ఆ తేడా చెవికి తెలుస్తది, కాలికి ఇంకా జల్ది తెలుస్తది.

అట్లని కీబోర్డును తిట్టబుద్ధి కాదు. మన మానుకోట జిల్లా బయ్యారం దిక్కు నుంచి పోయిన భీమ్స్‌ సిసిరోలియోను సూడున్రి. 'ధమాకా'ల మిషిన్‌ తాళంతోని థియేటర్లను దుంకించిండు. ఆ తర్వాత 2023ల 'బలగం' సినిమాకు ఊరి గొంతులను ముందటికి తెచ్చి, వాయిద్యాలను ఎనుకకు జరిపిండు. అండ్ల 'ఊరు పల్లెటూరు' పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. అది ఏ సైడు పాట అనుకోరాదున్రి. మరి జనాన్ని ఏడిపించింది ఏది? సినిమా ఆఖరుకు దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మ పాడిన బుడగజంగాల పాట. ఊర్లల్ల తెరలు గట్టి ఆ సినిమా ఏసిన్రు. పాట అయిపోయేసరికి పంచాయితీలు పడి మాట్లాడుకోని అన్నదమ్ములు పక్కపక్కన కూసోని కండ్లు తుడుసుకున్నరు. నా లెక్కల ఆ సినిమాకు అదే బీ సైడు, అదే పానం. 2024 డిసెంబర్‌ల మొగిలయ్య పోయిండు. గొంతు మాత్రం మిగిలింది, ఎందుకంటే ఎవలో ఒకలు దాన్ని ఉన్నదున్నట్టు రికార్డు చేసిన్రు.

జనగామ జిల్లా మాణిక్యపురం చుక్క సత్తయ్య గురించి మీకు నేను చెప్పాల్నా? ఒగ్గుకథను ఊరి గుడి ముందట నుంచి ఢిల్లీ దాక కొంటవొయ్యిండు, సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చుకున్నడు, 2017ల కాలం చేసిండు. ఒగ్గుకథ మూడు నిమిషాల సింగిల్‌ల పట్టేది కాదు. క్యాసెట్ల కాలంల మల్లన్న కథ ఏ సైడు ఒడిసేటప్పటికి నడిమిట్ల ఆగేది. తిప్పి బీ సైడు ఏస్తేనే కథ ముందుకు నడిచేది. రెండో పక్క ఇనకుంటే కథే లేదు. ఇప్పటి పాటలల్ల ఒగ్గుడోలును రెండు సెకండ్లు కోసి, కంప్యూటర్ల తిప్పి తిప్పి వాడుతున్నరు. ఆ డోలు కొట్టినాయన పేరు ఎక్కడా కనవడదు.

పేరు ముచ్చట చిన్నది గాదు. 2021ల 'సారంగ దరియా' వచ్చినప్పుడు సూసినం గదా, 'రేలారే రేలా' టీవీ ప్రోగ్రాంల కోమల పాడిన జానపదం సినిమాలకు పోతే ఎంత లొల్లయ్యిందో. పాట ఊరిదే, కాదనం. దాన్ని నోట్ల పెట్టుకొని ఇంతదూరం మోసుకొచ్చిన మనిషి కూడ ఉంటది గదా.

జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు జిల్లాలల్ల ప్రైవేటు పాటలు తీసే తమ్ముండ్లను, చెల్లెండ్లను నేను అడిగేది ఒక్కటే. మీ సింగిల్‌ను మీకు నచ్చినట్టు కీబోర్డు పెట్టి, బేస్‌ పెంచి ఇడువున్రి. అదేరోజు దాని పక్కన ఇంకో పాట పెట్టున్రి. ఆ పాటను మీకు నేర్పిన అవ్వ గొంతు, లేకుంటే తండాల ఆడోళ్లు కలిసి పాడింది, లేకుంటే కోయ డోలి ఒక్కటే మోగింది, ఏదైనా సరే. ప్యాడ్‌ వద్దు, గొంతును సాపు చేసే సాఫ్ట్‌వేర్‌ వద్దు. దానికి రూపాయి ఖర్చు కాదు, చేతిల ఫోను చాలు. కింద పాడినోళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు తప్పులు లేకుంట రాయున్రి.