ముందు నిలకడ, తరవాత మాట

పుదుచ్చేరి పక్కన వీరాంపట్టినం తీరంలో తెల్లవారకముందే ఫైబర్ పడవలు అలలు దాటి లోపలికి పోతాయి. వెనకవైపు బిగించిన మోటారే వాటికి ఊపిరి. నడిసంద్రంలో అది ఆగిపోతే చేయి తిరిగిన జాలరి వెంటనే తాడు లాగుతూ మోటారుతో కుస్తీ పట్టడు. పడవ అలకు అడ్డం తిరగకుండా ముక్కును ఎదురుగా నిలుపుతాడు. మోటారు సంగతి ఆ తరవాత. ఒడ్డుకు కబురు ఇంకా తరవాత.

ఆకాశంలోనూ ఇదే వరస. పుదుచ్చేరిలోని లాస్‌పేట విమానాశ్రయం నుంచి 2024 డిసెంబరులో హైదరాబాద్‌కు మళ్లీ విమానాలు మొదలయ్యాయి. అవి రెండు ఇంజన్ల ఏటీఆర్ రకం విమానాలు. ఒక ఇంజన్ ఆగినా రెండోదాంతో పైకి లేచి, క్షేమంగా దిగగలిగేలానే ప్రయాణికుల విమానాలను తయారుచేస్తారు. విమానాన్ని నిలబెట్టుకో, దారి చూసుకో, ఆ పైన మాట్లాడు: పైలట్లకు శిక్షణ తొలినాళ్లలోనే ఒంటబట్టించే క్రమమిది.

ఇంజన్ ఆగగానే విమానం ముక్కు ఆ వైపుకు లాగుతుంది. పైలట్ కాలితో రెండోవైపు పెడల్ తొక్కి దాన్ని సరిచేస్తారు. చెడిన ఇంజన్ను ఆపాలంటే ఒకరు మీట మీద చేయి ఉంచి ఫలానా ఇంజన్ అని పైకి చెబుతారు. రెండోవారు కళ్లారా చూసి అవునన్నాకే మీట కదులుతుంది. ఈ నిదానం ఊరికే రాలేదు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్ఏషియా సంస్థ ఏటీఆర్ విమానం ఇంజన్ ఒకటి శక్తి కోల్పోతే, కంగారులో పైలట్లు బాగున్న ఇంజన్ను ఆపేశారు. 43 మంది చనిపోయారు.

నిదానం నిలబెట్టిన ప్రాణాలూ ఉన్నాయి. 2022 జూన్ 19న పట్నాలో 185 మంది ప్రయాణికులతో లేచిన స్పైస్‌జెట్ విమానం ఎడమ ఇంజన్‌కు పక్షి తగిలింది. కెప్టెన్ మోనికా ఖన్నా ఆ ఇంజన్ను ఆపి, రెండోదాంతోనే విమానాన్ని తిరిగి పట్నాలో దించారు. 2024 జూన్‌లో శంషాబాద్ నుంచి కౌలాలంపూర్ బయలుదేరిన మలేసియా ఎయిర్‌లైన్స్ విమానం కూడా ఇంజన్లో లోపం తలెత్తి వెనుదిరిగి క్షేమంగా దిగింది.

ఈ నిబ్బరం పుట్టుకతో వచ్చేది కాదు. ఆరు నెలలకోసారి పైలట్లు సిమ్యులేటర్‌లో కూర్చుని ఇంజన్ ఆగే ఘడియను మళ్లీ మళ్లీ ఎదుర్కొంటారు. నేలమీద పడిన ఆ కష్టమే నింగిలో ధైర్యమవుతుంది.

2025 జూన్ 12న అహ్మదాబాద్ విమాన ప్రమాదంలో 260 మందిని పోగొట్టుకున్నాం. అందుకే ఇప్పుడు విమానం కాస్త కుదిపినా గుండె గుబేలుమంటుంది. ఆ భయాన్ని తప్పు పట్టలేం. అలాంటి వేళ కాసేపు పైలట్ గొంతు వినపడకపోతే మనల్ని మరిచారనుకోవద్దు. చేతినిండా పని ఉందనుకోవాలి. మన వంతుగా బెల్టు బిగించుకుని, సిబ్బంది మాట వింటే చాలు. అత్యవసరంగా దిగమంటే సంచి వదిలేసి దిగాలి. సంచి కోసం ఆగే క్షణం వెనకున్నవారిది.

ఇంట్లో కష్టం వచ్చినప్పుడు మనం తరచూ ఈ వరసను తలకిందులు చేస్తాం. తప్పెవరిదని ముందు నోరు చేసుకుంటాం. దారి తరవాత వెతుకుతాం. నిలదొక్కుకోవడం చివరికి గుర్తొస్తుంది. ముందు పడవను నిలుపుకుంటే, మిగతా మాటలకు బోలెడు వేళ ఉంటుంది.

బయలుదేరిన చోటికే విమానం తిరిగొస్తే, ఆలస్యమైందని విసుక్కునే ముందు తలుపు దగ్గర నిలబడ్డ సిబ్బందికి ఓ నమస్కారం పెడదాం. చేపలు పడలేదని, తిరిగొచ్చిన పడవ మీద తీరాన ఏ తల్లీ కోప్పడదు.